‘మూడు’, ‘ముగ్గురు’, ‘మనము’: త్రిత్వం గురించి ఒక లెక్కల మాస్టారి మాటలు

(త్రిత్వ ఆదివారం సాయంత్రం యువజనుల కూడికలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ వందనాలు. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? తమ్ముడూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు, నా చీటీలు ఎగిరిపోతున్నాయి.

ఇవి మీరు రాసిన చీటీలే. త్రిత్వం గురించి, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడే అన్న నమ్మకం గురించి, మనసులో ఏ సందేహం ఉన్నా పేరు పెట్టకుండా రాసివ్వమని పోయిన ఆదివారం పాస్టరుగారు అడిగారు. సగం చీటీల్లో ఒకటే ప్రశ్న. ఒకటీ ఒకటీ ఒకటీ కలిపితే మూడవ్వాలి గానీ ఒకటెలా అవుతుంది అని. నన్ను పిలిచింది అందుకేనేమో. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, థియాలజీ చదివినవాణ్ణి కాదు. ఒక చీటీలో అయితే జవాబు కూడా రాసేశారు: ‘కూడితే మూడు, గుణిస్తే ఒకటే కద సార్!’ తెలివైన పిల్లో పిల్లాడో. కానీ మార్కులు వెయ్యలేను. కూడాలా గుణించాలా అన్నది లెక్కే చెప్పాలి, మనకి కావలసిన జవాబు రావడం కోసం గుర్తు మార్చెయ్యకూడదు. పైగా ఒకటిని ఒకటితో వందసార్లు గుణించినా ఒకటే వస్తుంది. అలాగైతే ముగ్గురే ఎందుకు, నూరుమంది ఎందుకు కాకూడదు?

కాబట్టి ఆ దారి వదిలేద్దాం. రెండో దారి మనకి బాగా అలవాటైనది, ఉదాహరణలు. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు సండే స్కూల్లో నేను ఉడకబెట్టిన కోడిగుడ్డు పట్టుకెళ్లేవాణ్ణి. పెంకు, తెల్లసొన, పచ్చసొన. మూడూ కలిస్తే ఒక్క గుడ్డు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒక్క దేవుడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు, పాఠం అయ్యాక గుడ్డు తినేవాళ్లు. ఒకరోజు రెండో తరగతి పాప లేచి, ‘సార్, పెంకు తీసి పారేస్తాం కదా. పారేసేది ఎవర్ని?’ అంది. నాకు నోట మాట రాలేదు. ఆ పాప వయసులో చిన్నదే గానీ అడిగిన ప్రశ్న పెద్దది. పెంకు ఒక్కటే గుడ్డు అవుతుందా? అవదు, గుడ్డులో ఒక ముక్క అవుతుంది. అంటే నేను పిల్లలకి నేర్పింది ఏమిటంటే, తండ్రి దేవుడిలో మూడో వంతు, కుమారుడు ఇంకో మూడో వంతు అని. సంఘం ఏనాడూ అలా నమ్మలేదు.

ఇంకొకరు నీళ్ల ఉదాహరణ చెబుతారు. గడ్డకడితే ఐసు, మరిగితే ఆవిరి, మామూలుగా నీళ్లు. ఇది విని మా స్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఆయన, మంచి హిందువు, నాకు సాయం చేద్దామని ఒక మాట చెప్పారు. ‘మాస్టారూ, 0.01 డిగ్రీల దగ్గర, చాలా తక్కువ పీడనంలో మూడూ ఒకేసారి ఉంటాయండీ, త్రిక బిందువు అంటారు, వాడుకోండి’ అని. కొన్నాళ్లు వాడుకున్నాను కూడా. కానీ అక్కడ కూడా ఐసుగా ఉన్న చుక్క ఆ క్షణంలో ఆవిరిగా లేదు. ఒకే చుక్క మూడు వేషాలు వేస్తుందంటేనే ఆ ఉదాహరణ అతుకుతుంది. అలా చెప్పినవాళ్లు మూడో శతాబ్దంలోనే ఉన్నారు. సబెల్లియస్ అనే ఆయన పేరు మీద ఆ బోధ నిలిచిపోయింది. ఒక్క దేవుడే, ఒకప్పుడు తండ్రిగా, తర్వాత కుమారుడిగా, ఇప్పుడు ఆత్మగా కనిపిస్తాడన్నది ఆ బోధ. ఒకే మనిషి ఇంట్లో నాన్న, ఆఫీసులో గుమస్తా, అమ్మకి కొడుకు అని మనం చెప్పే ఉదాహరణ కూడా ఇదే కోవలోది. మరి గెత్సేమనే తోటలో యేసు ‘తండ్రీ’ అని ఎవరికి ప్రార్థన చేశాడు? నాన్న వేషంలో ఉన్నప్పుడు కొడుకు వేషం తనతో తాను మాట్లాడుకున్నదా? అప్పుడు ఆ కన్నీళ్లకి అర్థమేముంది? కార్తేజీలో ఉండే తెర్తుల్లియన్ అనే ఆయన ఇలాంటి బోధే చేసిన ప్రాక్సియాస్ అనే ఆయన మీద మండిపడుతూ, ఇతను తండ్రినే సిలువ వేయించాడు అని రాశాడు. త్రిత్వం అన్న మాట లాటిన్‌లోకి తెచ్చింది కూడా ఈయన రాతలే. ఆయన కంటే ముందు 180 ప్రాంతంలో అంతియొకయ బిషప్పు తెయోఫిలస్ గ్రీకులో ‘త్రియాస్’ అన్నాడు.

అంటే మరో చీటీకి జవాబు కూడా వచ్చేసింది. ‘త్రిత్వం అనే మాట బైబిల్లో ఎక్కడుంది?’ లేదు తమ్ముడూ. ఎక్కడా లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మకు.

మాట లేదు సరే, మరి ఆ సంగతి ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఇది ఎవరో పండితులు కూర్చుని దేవుడి గురించి వేసిన లెక్క కాదు. ముందు ప్రార్థన ఉంది. తర్వాత, చాలా తర్వాత, ఆ ప్రార్థనకి లెక్క చెప్పవలసి వచ్చింది.

మొదటి క్రైస్తవులు ఎవరు? యూదులు. పొద్దునా సాయంత్రం వాళ్ల నోట వచ్చే మాట ఏది? ‘ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా.’ ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం. దేవుడొక్కడే అన్నందుకు ప్రాణాలిచ్చిన జాతి అది. అలాంటివాళ్లు, రోమా కట్టేసి సిలువ మీద చంపిన ఒక వడ్రంగి పేరెత్తి ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. ‘మరానాథ’ అన్నారు. మా ప్రభువా, రా అని. అది గ్రీకు మాట కాదు, అరామిక్ మాట. అంటే గ్రీకు తత్వం అంటకముందే, యెరూషలేము చుట్టుపక్కల జనం వాళ్ల ఇంటి భాషలో యేసుని పిలుచుకుంటున్నారన్న మాట. పౌలు దాన్ని కొరింథీయుల పత్రికలో అనువదించకుండా అలాగే ఉంచేశాడు. సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తికి ఉత్తరం రాస్తూ, ఈ క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తుకి, దేవుడికి పాడినట్టు, పాట పాడుకుంటున్నారని ఫిర్యాదు చేశాడు. ఆయనకి క్రైస్తవుల మీద ప్రేమేమీ లేదు. విచారణ చేసి తెలుసుకున్నది రాశాడు.

ఇక బాప్తిస్మం మాటలు. మత్తయి 28లో ‘తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు’ అని ముగ్గుర్నీ చెప్పి, చివర ‘నామములోనికి’ అని ఉంది. నామములలోనికి అని లేదు. గ్రీకులోనూ అది ఏకవచనమే. ఆరాధన అయ్యాక పాస్టరుగారు చేతులెత్తి ఇచ్చే దీవెన చూడండి, ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును అంటారు. ఆ మాటలు పౌలు రాసినవి. సిలువ జరిగి ముప్ఫై ఏళ్లు కూడా కాలేదు. అప్పటికి త్రిత్వం అన్న మాట పుట్టలేదు, కానీ ఆ దీవెన సంఘంలో వినపడుతోంది.

ఇప్పుడు అలెగ్జాండ్రియా వెళదాం. ఈజిప్టు ఓడరేవు. 318 ప్రాంతం. అక్కడ అరియస్ అనే పెద్దాయన, సంఘ పెద్ద. మన ప్రసంగాల్లో ఈయన్ని విలన్ని చేసి మాట్లాడతాం. నాకది నచ్చదు. నిష్ఠ గలవాడు, జనం మెచ్చినవాడు. ఓడల మీద పనిచేసేవాళ్లకీ తిరగలి విసిరేవాళ్లకీ పాటలు కట్టి ఇచ్చాడట. మనవాళ్ల తిరగలి పాటల్లాగా అక్కడ సిద్ధాంతం కూడా పిండితోపాటు దొర్లిందన్న మాట. ఆయన బాధ కూడా మంచిదే. దేవుడు ఒక్కడే, పుట్టుక లేనివాడు, ఎవరితోనూ పంచుకోడు. కాబట్టి కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడే అయ్యుండాలి. అందరికంటే ముందు, అందరికంటే గొప్పగా, కానీ సృష్టే. ‘ఆయన లేని కాలం ఒకటుంది’ అన్నది ఆయన మాట.

వాక్యాలు కూడా చూపించేవాడు. సామెతలు 8:22 తియ్యండి. జ్ఞానం మాట్లాడుతోంది. ‘పూర్వకాలమందు తన సృష్ట్యారంభమున తన కార్యములలో ప్రథమమైనదానిగా యెహోవా నన్ను కలుగజేసెను.’ జ్ఞానం అంటే క్రీస్తే అని అప్పుడు అందరూ ఒప్పుకునేవాళ్లు, అరియస్‌కి ఎదురు నిలిచినవాళ్లు కూడా. ఇంకేం, కలుగజేసెను అని ఉంది కదా అంటాడాయన. ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని యేసే అన్నాడు కదా. ఈ రోజు మీ ఇంటి తలుపు కొట్టి త్రిత్వం తప్పని చెప్పేవాళ్లు కూడా ఈ వాక్యాలే తీస్తారు. పదిహేడు వందల ఏళ్ల నాటి ప్రశ్న మీ గుమ్మంలో నిలబడి ఉంటుంది. తెలిసి ఉండటం మంచిది.

ఎదుటివాళ్లు ఏమన్నారు? వాళ్లూ వాక్యాలు తీశారు, ‘ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను’ అని. వాక్యం అంటే ఇక్కడ కుమారుడే. కానీ వాళ్ల అసలు బలం ఇంకోచోట ఉంది. మనం యేసుని ఆరాధిస్తున్నామా లేదా? ఆయన సృష్టి అయితే, సృష్టిని ఆరాధించడాన్ని ఏమంటారు? రక్షించేది దేవుడొక్కడే అయినప్పుడు, దేవుడు కానివాడు మనల్ని దేవుడి దగ్గరికి ఎలా చేర్చగలడు? అదే అలెగ్జాండ్రియా సంఘంలో కుర్ర డీకను, అంటే పరిచారకుడు, అథనాసియస్ జీవితమంతా ఈ మాటే పట్టుకున్నాడు. వంతెన అవతలి గట్టుదాకా లేకపోతే అది వంతెనే కాదు, నీళ్లలో కట్టిన అరుగు. ఈ పోలిక నాదే, ఆయనది కాదు. ఉదాహరణలు వద్దని నేనే మళ్లీ చెబుతున్నాను, క్షమించండి.

325లో నైసియాలో సభ. ఇప్పుడు టర్కీలో ఇజ్నిక్ అనే ఊరు. చెరువు గట్టున ఉంటుంది. పిలిచింది చక్రవర్తి కాన్‌స్టాంటైన్. వచ్చిన బిషప్పులు 318 మంది అని సంప్రదాయం. అక్కడ ఒక తమాషా జరిగింది, అథనాసియస్ రాశాడు. కుమారుడు దేవుని నుండి వచ్చినవాడు అని రాద్దామన్నారు. అరియస్ పక్షం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని కన్ను గీటుకున్నారట. సరే, రాసుకోండి, సమస్తమూ దేవుని నుండే కదా వచ్చింది అని. దేవుని స్వరూపం అన్నారు. దానికీ తలూపారు, మనిషి కూడా దేవుని స్వరూపమే కదా. బైబిల్ మాట ఏది పెట్టినా రెండు పక్షాలూ సంతకం పెట్టేలా ఉన్నాయి. చివరికి బైబిల్లో లేని ఒక మాట వెతికి పెట్టారు. హోమోఊసియోస్. తండ్రిదీ కుమారుడిదీ ఒకే సారం, ఒకే తత్త్వం అని అర్థం. లిబియా నుంచి వచ్చిన ఇద్దరు బిషప్పులు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు.

బైబిల్లో లేని మాట ఎందుకు పెట్టాలి అని ఆ రోజే గొడవ పడ్డారు. నేను స్కూల్లో చూసింది చెబుతాను. పిల్లాడు ఫార్ములా బట్టీపట్టి అప్పజెబితే వాడికి తెలుసో లేదో చెప్పలేం. ‘అదే నీ మాటల్లో చెప్పరా’ అంటే తెలిసిపోతుంది. హోమోఊసియోస్ చేసిన పని అదే.

ఆ తర్వాత కొందరు, ‘ఒకే’ అనొద్దు, ‘ఒకేలాంటి’ అందాం అన్నారు. హోమోయిఊసియోస్. మధ్యలో ఒక్క ‘ఇ’ తేడా. మన లిపిలో దాన్ని గుడి అంటాం కదా. ఒక్క గుడి కోసం ఇన్ని గుళ్లు చీలిపోవాలా అని చాలామంది వెక్కిరించారు. వెక్కిరించవచ్చు గానీ, ‘మీ నాన్న’ అనడానికీ ‘మీ నాన్నలాంటివాడు’ అనడానికీ తేడా ఎంతో మీకు తెలుసు.

వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజ్ గురించి చీటీ ఉంది. ‘కాన్‌స్టాంటైన్ ఓటింగ్ పెట్టి యేసుని దేవుణ్ణి చేశాడట, నిజమేనా?’ యేసుని ఆరాధించడం ఆయన పుట్టకముందు నుంచే ఉందని ప్లినీ ఉత్తరమే చెబుతోంది. పైగా ఈ కాన్‌స్టాంటైనే పదేళ్లు తిరగకుండా అటువైపు వాలిపోయాడు. అరియస్‌ని వెనక్కి రప్పించాడు, అథనాసియస్‌ని 335లో ఎక్కడో ట్రయర్‌కి, ఇప్పటి జర్మనీకి, పంపించేశాడు. 337లో చావు పక్క మీద ఆయనకి బాప్తిస్మం ఇచ్చింది అరియస్‌ని వెనకేసుకొచ్చిన నికొమీడియా బిషప్పు యూసేబియస్. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ ఇంకా బాహాటంగా నైసియాకి ఎదురు నిలబడ్డాడు. అథనాసియస్‌కి మొత్తం ఐదుసార్లు దేశబహిష్కారం, దాదాపు 17 ఏళ్లు. రాజు చెప్పాడని నిలబడిన సిద్ధాంతమైతే ఆ ఏళ్లలోనే పోయి ఉండేది.

మీకు నైసియా విశ్వాస ప్రమాణం తెలుసు కదా, ప్రభువు బల్ల రోజు గబగబా చదివేస్తాం. 325లో రాసినదాంట్లో పరిశుద్ధాత్మ గురించి ఏముందో తెలుసా? ‘పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము’ అన్నంతే. ఆపైన చుక్క. మిగతాదంతా తర్వాతి కథ. నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ కూడా అదే, ఎందుకంటే అది ఒక విభక్తి మీద జరిగిన గొడవ.

కప్పదొకియ అనే ప్రాంతం, అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పేరు వస్తుంది, అదే. అక్కడ కైసరయ ఊళ్లో బాసిల్ బిషప్పు. ఆయన ఆరాధనలో స్తుతి చెప్పేటప్పుడు ఒక్కోసారి ‘కుమారుని ద్వారా, పరిశుద్ధాత్మయందు తండ్రికి మహిమ’ అనేవాడు. ఒక్కోసారి ‘కుమారునితో, పరిశుద్ధాత్మతో కూడ తండ్రికి మహిమ’ అనేవాడు. ‘ద్వారా’ అన్నప్పుడు ఎవరూ పలకలేదు. ‘తో’ అనగానే కొందరు లేచారు. ఇదేమిటి కొత్తగా, ఆత్మని తీసుకెళ్లి తండ్రి పక్కన కూర్చోబెడుతున్నావే అని. వాళ్ల వాదం పూర్తిగా వ్యాకరణం. తండ్రికి ‘నుండి’, కుమారుడికి ‘ద్వారా’, ఆత్మకి ‘యందు’. ప్రత్యయాలు వేరు కాబట్టి స్వభావాలూ వేరు అని. మన చిన్నయ సూరిని తీసుకెళ్లి అక్కడ కూర్చోబెడితే బాగుండేది.

బాసిల్ దీని మీద 375 ప్రాంతంలో ఒక పుస్తకమే రాశాడు. బైబిల్లో ఈ ప్రత్యయాలు ముగ్గురికీ మారి మారి వస్తాయి చూసుకోండి అని ఒక్కొక్క వాక్యం తీసి చూపించాడు. ‘ద్వారా’ అన్నది దేవుడు మనకి చేసిన మేలు చెబుతుంది, ‘తో’ అన్నది ఆయనకున్న ఘనత చెబుతుంది, రెండూ కావాలి అన్నాడు. బాప్తిస్మంలో ముగ్గురి పేరూ ఒక్క వరసలో చెప్పమని ప్రభువే నేర్పాడు. బాప్తిస్మం ఇచ్చినట్టే నమ్మాలి, నమ్మినట్టే స్తుతించాలి అన్నది ఆయన వాదం. ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. నీళ్ల దగ్గర మొదలుపెట్టాడు, తర్కం దగ్గర కాదు.

ఆ రోజుల్లో కాన్‌స్టాంటినోపుల్ ఎలా ఉండేదో బాసిల్ తమ్ముడు గ్రెగొరీ చెబుతాడు. చిల్లర అడిగితే పుట్టినవాడు, పుట్టనివాడు అంటూ తత్వం చెబుతారట. రొట్టె ధర ఎంత అంటే తండ్రి పెద్ద, కుమారుడు చిన్న అంటారట. స్నానానికి నీళ్లు తోడారా అంటే కుమారుడు శూన్యంలో నుంచి చేయబడ్డాడు అంటారట. ఎలక్షన్ల ముందు మన టీ కొట్టు గుర్తొస్తుంది నాకు.

381లో అదే ఊళ్లో రెండో సభ. 150 మంది బిషప్పులు. బాసిల్ అప్పటికి చనిపోయి రెండేళ్లు. ఆయన స్నేహితుడు, ఇంకో గ్రెగొరీ, నజియాన్జు ఊరివాడు, సభకి అధ్యక్షుడయ్యాడు. బిషప్పుల గోల భరించలేక మధ్యలోనే రాజీనామా ఇచ్చి ఊరెళ్లిపోయాడు. కవి మనిషి, తట్టుకోలేకపోయాడు. ఆ సభ పేరు మీదే మనం ఇప్పుడు చదివే ప్రమాణం నిలిచింది. అందులో పరిశుద్ధాత్మ గురించి హోమోఊసియోస్ అన్న మాట వాడలేదు. గమనించండి. జీవమిచ్చు ప్రభువు అన్నారు, తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడి మహిమపరచబడువాడు అన్నారు. ‘తో’, ‘కూడ’. బాసిల్ విభక్తి గెలిచింది. ఆత్మ ఎవరో చెప్పడానికి, ఆయన్ని ఎవరితో కలిపి ఆరాధిస్తామో చెప్పి ఊరుకున్నారు.

ఇక ‘ముగ్గురు వ్యక్తులు’ అన్న మాట. ఇక్కడ మన తెలుగు ఒక సాయం చేస్తుంది, ఒక ఇబ్బంది పెడుతుంది. సాయం ఏమిటంటే, మనకి ‘మూడు’ వేరు, ‘ముగ్గురు’ వేరు. గుడ్డులో ఉన్నవి మూడు. ఐసు, నీళ్లు, ఆవిరి మూడు. పలికేవాళ్లు, ప్రేమించేవాళ్లు ఉంటే ముగ్గురంటాం. మన ఉదాహరణలన్నీ ‘మూడు’ దగ్గర ఆగిపోతాయి. యొర్దాను నదిలో కుమారుడు నీళ్లలో నిలబడి, ఆత్మ పావురంలా దిగి, పైనుంచి తండ్రి ‘ఈయనే నా ప్రియ కుమారుడు’ అని పిలిచినప్పుడు ‘మూడు’ అనడానికి మన నోరు రాదు. ఇబ్బంది ఎక్కడంటే, ‘ముగ్గురు’ అనగానే మన కళ్ల ముందు అరుగు మీద కూర్చున్న ముగ్గురు పెద్దమనుషులు కనబడతారు. ఒక్కొక్కరికి ఒక్కో బుర్ర, ఒక్కో ఇష్టం. అప్పుడు ముగ్గురు దేవుళ్లయిపోతారు.

ఇదే ప్రశ్న నిస్సా గ్రెగొరీని, ఆ రొట్టె కొట్టు కథ చెప్పినాయన్ని, అడిగారు. పేతురు, యాకోబు, యోహాను ముగ్గురిదీ మనిషి స్వభావమే. ముగ్గురు మనుషులంటాం. మరి ముగ్గురు దేవుళ్లని ఎందుకనకూడదు? ఆయన జవాబులో ముఖ్యమైన ముక్క ఇది. ముగ్గురు మనుషులు ఒకే వృత్తిలో ఉన్నా ఎవరి పని వాళ్లది. ముగ్గురు రైతులు మూడు చేలు దున్నుతారు. దేవుడిలో అలా లేదు. ప్రతి పనీ తండ్రి నుంచి బయలుదేరి, కుమారుని ద్వారా సాగి, ఆత్మలో పూర్తవుతుంది. ఒక్కటే పని, ఒక్కటే చిత్తం.

మన త్రిమూర్తుల్లాంటిదేనా అని అడిగిన చీటీకి ఇక్కడే జవాబు చెబుతాను. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయకుండానే తేడా చెప్పుకోవచ్చు. బ్రహ్మ సృష్టికి, విష్ణువు స్థితికి, శివుడు లయకి అని మామూలుగా చెప్పుకుంటాం. పనుల పంపకం ఉంది. ఇక్కడ అలా పంచడం కుదరదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు పలుకుతాడు, దేవుని ఆత్మ జలములపైన అల్లాడుతుంటుంది, ‘కలిగియున్నదేదియు ఆయన లేకుండ కలుగలేదు’ అని యోహాను కుమారుడి గురించి అంటాడు. సృష్టి శాఖ ఒకరిది, రక్షణ శాఖ ఒకరిది అని మంత్రివర్గం లాగా చెప్పలేం. బెంగాల్లో కేశవ చంద్ర సేన్, ఆయన తర్వాత బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ త్రిమూర్తుల జోలికి పోకుండా సచ్చిదానంద అన్న మాటతో త్రిత్వాన్ని చెప్పిచూశారు. సత్, చిత్, ఆనందం. అందమైన ఆలోచన. మళ్లీ అది కూడా ‘మూడు’ దగ్గరే ఉందేమో, ‘ముగ్గురు’ దాకా వచ్చిందా అని నాకు అనుమానం. మీరు పెద్దయ్యాక తేల్చుకోండి.

ఇప్పుడు నాకు ఈ మధ్యనే తట్టిన సంగతి ఒకటి. పండితులెవరూ నవ్వకండి. ఇంగ్లీషులో ‘వి’ అంటే సరిపోతుంది, గ్రీకులోనూ ఒకటే మాట. తెలుగులో కుదరదు. ‘మనము’ అంటే ఎదుటివాడు కూడా లోపలే. ‘మేము’ అంటే ఎదుటివాడు బయట. కాబట్టి మన బైబిలు అనువాదకులు ప్రతి చోటా ఆగి నిర్ణయించుకోవలసి వచ్చింది, ఎవరు లోపల, ఎవరు బయట అని. యోహాను 14:23లో యేసు శిష్యులతో తన గురించీ తండ్రి గురించీ చెబుతూ, ‘మేము వాని యొద్దకు వచ్చి వాని యొద్ద నివాసము చేతుము’ అంటాడు. శిష్యులు ఆ ‘మేము’లో లేరు. పదిహేడో అధ్యాయంలో తండ్రి వైపు తిరిగి ప్రార్థన చేస్తున్నాడు. అక్కడ ‘మనము ఏకమై యున్నలాగున’ అంటాడు. కుమారుడు తండ్రితో ‘మనము’ అంటున్నాడు. సృష్టించబడినవాడు సృష్టికర్తతో ‘మనము’ అని ఎలా అంటాడు? మోషే అన్నాడా? యెషయా అన్నాడా? ‘ముగ్గురు’ అన్నప్పుడు వచ్చిన అరుగు మీది పెద్దమనుషుల బొమ్మ ఈ ‘మనము’ దగ్గర చెరిగిపోతుంది. మాట్లాడుకునేవాళ్లున్నారు, కానీ ఒకరు లేకుండా ఒకరు లేరు. అదే ప్రార్థనలో శిష్యుల గురించి ‘వారును మనయందు’ అని అడుగుతాడు. ‘వారు’ని తీసుకొచ్చి ‘మన’ లోపల పెట్టమంటున్నాడు. ఇది రుజువు అని నేను అనను. తెలుగు చదివేవాడికి కనిపించే సంగతి, అంతే.

ఆదికాండంలో ‘మన స్వరూపమందు’ అని ఉంది కదా అదీ రుజువే అంటారు కొందరు. నేను దాని మీద పెద్దగా బరువు పెట్టను. యూదు పండితులు దాన్ని దేవదూతలతో అన్న మాటగా చదువుతారు, ఆ చదువుకీ దారి ఉంది.

బరువు పెట్టకూడనిది ఇంకొకటి. ‘1 యోహాను 5:7ని మన తెలుగు బైబిల్లో నుంచి తీసేశారట, ఎందుకు?’ అని చీటీ. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఆ చోట, పరలోకమందు సాక్ష్యమిచ్చువారు ముగ్గురు, తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒక్కటే అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. మనకి ఆత్మయు, నీళ్లును, రక్తమును మాత్రమే ఉన్నాయి. మనవాళ్లు తీసెయ్యలేదు. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో, 1519లో అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనలో కూడా లేదు. గొడవ అయ్యాక 1522లో చేర్చాడు, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పాకింది. ఆలోచించండి, ఆ వాక్యమే ఉండి ఉంటే అథనాసియస్ ఐదుసార్లు దేశాలు పట్టి పోయేవాడా? ఒక్కసారి తీసి చూపిస్తే అయిపోయేది. అది లేకుండానే సిద్ధాంతం నిలబడింది.

యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇవ్వాలనే సంఘాల గురించి రెండు చీటీలు ఉన్నాయి. ఆ బోధ ఇప్పటి రూపంలో 1913లో అమెరికాలో ఒక పెంతెకొస్తు క్యాంపు కూటంలో మొదలైంది, 1916కల్లా అక్కడి సంఘం చీలింది. వాళ్లు అపొస్తలుల కార్యములు 2:38 చూపిస్తారు. సిద్ధాంతంలో నేను వాళ్లతో ఏకీభవించను, తండ్రీ కుమారుడూ ఆత్మా ఒక్కరే అన్న వాళ్ల మాటకి సబెల్లియస్ గురించి చెప్పిందే నా జవాబు. కానీ మా వీధిలో ఆ సంఘం వాళ్లు కరోనా రోజుల్లో మా ఇంటికి అన్నం పంపారు. యూట్యూబ్‌లో కామెంట్లు పెట్టేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఆత్మ తండ్రి నుంచి మాత్రమే బయలుదేరునా, కుమారుని నుంచి కూడానా అన్న గొడవ, తూర్పు పడమర సంఘాలు విడిపోయిన గొడవ, ఇవాళ వద్దు. దానికి ఇంకో సాయంత్రం కావాలి.

చివరి చీటీ. చిన్నపిల్లల రాత, పెన్సిలుతో. ‘ప్రార్థన ఎవరికి చెయ్యాలి? ఒకరికి చేస్తే మిగతా ఇద్దరికి కోపం రాదా?’

రాదమ్మా. మా నాయనమ్మకి చదువు రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పొయ్యి ముందు కూర్చునేది. ‘నాయనా’ అని మొదలుపెట్టేది. పేర్లన్నీ చెప్పేది, నాన్న పేరు, బాబాయిల పేర్లు, పాడి గేదె పేరు కూడా. ‘యేసయ్య పేరట అడుగుతున్నాను’ అనేది. మా చిన్నత్త చనిపోయిన ఏడాది ఆమెకి మాటలు రాలేదు. ఊరికే కూర్చుని మూలిగేది. నేను పక్కన దుప్పట్లో నుంచి వినేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత రోమా 8లో చదివాను, ‘ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు’ అని. అప్పుడు అర్థమైంది, ఆ పొయ్యి దగ్గర నాయనమ్మ ఒక్కతే లేదని. ‘నాయనా’ అని పిలిచింది ఎవర్ని, ఎవరి పేరట, ఎవరు లోపల మూలుగుతుంటే అన్నది ఆమెని అడిగితే, ‘పోరా, పాలు పొంగుతున్నాయి’ అనేది.

పాస్టరుగారు గడియారం చూపిస్తున్నారు. సామెతలు 8:22 మీద ఇంకా నాలుగు చీటీలున్నాయి, వాటికి వచ్చే వారం. ఆ ఫ్యాను పెంచండి ఇక.